జలపాతం దగ్గర మూడు ఎర్ర చుక్కలు

మా అపార్టుమెంట్లలో క్లబ్‌హౌస్ పక్కన ఒక జలపాతం ఉంది. జలపాతం అంటే కొండ మీది నుంచి దూకేది కాదు. రెండంతస్తుల ఎత్తు గోడకు సిమెంటుతో రాళ్లు చేసి, వాటికి గోధుమ రంగు వేసి, వెనక నుంచి పైకి పైపు ఎక్కించారు. సాయంత్రం ఆరింటికి పంపు వేస్తే నీళ్లు మెట్లు మెట్లుగా దిగి కింద తొట్టిలో పడతాయి. ఏడింటికి పంపు ఆపేస్తే కాసేపటికి గోడ ఆరిపోతుంది. కొత్తగూడలో ఈ స్థలం చదును చేసినప్పుడు నిజమైన బండలన్నీ పేల్చి లారీల్లో పంపించేశారనీ, ఆ తరవాత ఈ సిమెంటు రాళ్లు కట్టారనీ మొదటి నుంచీ ఉన్నవాళ్లు చెబుతారు. ఒక్క బండ మాత్రం తొట్టి పక్కన మిగిలింది. దాన్ని పేల్చడం మరిచిపోయారో, చూడటానికి బాగుందని ఉంచారో తెలియదు. ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు దాని మీద.

మాది అనంతపురం వైపు. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఊరూరి నుంచి సీసాల్లో వచ్చే నీళ్లకు ముందు చీటీ అంటించాలి. ఏ బోరుదో, ఎప్పుడు పట్టారో, రంగేమిటో, వాసనేమిటో రాయాలి. రాయకుండా మూత తీయకూడదు. ఆ అలవాటు నాతో పాటు ఇంటికి కూడా వచ్చింది. పెళ్లయిన ఏటి నుంచి డైరీ రాస్తూనే ఉన్నాను. అందులో విశేషాలేమీ ఉండవు. కొత్త చింతపండు ఎప్పుడు తెచ్చామో, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో, ఎవరికి ఏ మందు పడలేదో ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నీళ్లను గాజు సీసాలో కదలకుండా ఉన్నప్పుడే చూశాను. పైనుంచి పడే నీళ్లను తీరిగ్గా కూర్చుని చూడటం ఇక్కడికి వచ్చాకే.

మా అమ్మాయి హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. నేనూ మా ఆయనా తన దగ్గరే ఉంటాం. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కెమెరా బీరువా మీద దుమ్ము పట్టి ఉంటే, ఒకరోజు దించి తుడిచాను.

"వాడుకోమ్మా, నాకు ఫోన్ చాలు. స్టాండ్ కూడా ఉంది మంచం కింద," అంది.

కెమెరా చేతికొచ్చాక మొదట తీసినది ఆ జలపాతాన్నే. నీళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి, ముక్కలు ముక్కలుగా గాల్లో వేలాడుతున్నాయి. మా ఆయన కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని చూశారు.

"ఇవి నీళ్లా మే, పగిలిన ట్యూబులైటా?"

నాకూ అట్లాగే అనిపించింది. గంటసేపు కూర్చుని చూస్తే కళ్లకు కనపడే మెత్తదనం ఫోటోలో లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలని పుస్తకం, ఇంటర్నెట్టు రెండూ చదివాను. సంగతి చాలా చిన్నది. కెమెరా లోపల ఒక తలుపు ఉంటుంది. అది తెరుచుకుని మూసుకునే లోపల కనిపించిందంతా ఫోటో అవుతుంది. గబుక్కున మూస్తే పడుతున్న చుక్క పడుతున్నట్టే ఆగిపోతుంది. కాసేపు తెరిచి ఉంచితే చుక్క తను నడిచిన దారంతా గీస్తుంది. అట్లాంటి దారులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, నీళ్లు పాలనురుగులాగా, ఉతికి ఆరేసిన తెల్లచీర లాగా అవుతాయి. కదలని రాయి మాత్రం రాయిలాగే ఉంటుంది. ఇంతే. అయితే తలుపు తెరిచి ఉన్నంతసేపూ కెమెరా కూడా రాయిలాగే ఉండాలి.

చెప్పుకోవడానికి ఇంతే గానీ చేయడానికి నాకు నెల పట్టింది. ఎండ ఉండగా తలుపు తెరిచి ఉంచితే ఫోటో మొత్తం తెల్లగా సున్నం కొట్టినట్టు వచ్చింది. వెలుతురు తగ్గించడానికి అమ్మాయి చలువ కళ్లద్దాలు కెమెరాకు అడ్డం పెడితే గోడంతా పాచి పట్టినట్టు పచ్చగా వచ్చింది. చివరికి తేలిందేమిటంటే మబ్బు పట్టిన సాయంత్రం, ఆరున్నర దాటాక, దీపాలు వెలిగించడానికి ముందు ఉండే కాస్త వెలుతురే దీనికి సరిపోతుంది. డైరీలో ప్రతి ఫోటోకూ ఒక వరుస రాసేదాన్ని. మబ్బు ఎంత, తలుపు ఎంతసేపు తెరిచాను, దాని పక్కన రెండు గళ్లు: కదిలినవి, కదలనివి. మొదట్లో కదిలినవాటి గడిలో నీళ్లతో పాటు గోడ, బండ, తొట్టి అన్నీ రాయాల్సి వచ్చేది. అంటే కదిలింది కెమెరా అని అర్థం.

స్టాండ్ మీదే కదా పెట్టాను, ఎందుకు కదులుతోంది? పంపు గది అక్కడికి దగ్గర. పంపు తిరుగుతుంటే పరచిన నాపరాళ్లు కంటికి తెలియకుండా అదురుతున్నాయని నాకు అనుమానం వచ్చింది. ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టుకెళ్లి నేల మీద ఒక్కొక్క చోటా పెట్టి, వంగి చూశాను. పంపు దగ్గర గ్లాసులో నీళ్లు సన్నగా ముడతలు పడుతున్నాయి. జరిగి జరిగి తొట్టికి ఎడమ పక్కకు వస్తే గ్లాసులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆ చోటు మళ్లీ రోజూ వెతుక్కోకుండా, టేపుతో గోడ నుంచి దూరం కొలిచి, స్టాండు మూడు కాళ్లూ ఆనే చోట అమ్మాయి గోళ్ల రంగుతో మూడు ఎర్ర చుక్కలు పెట్టాను. కాళ్లు ఎంత సాగదీయాలో తెలిసేట్టు వాటికి పసుపు రంగు టేపు చుట్టాను. గాలికి ఊగకుండా స్టాండు నడుమ ఒక గుడ్డ సంచీ కట్టి, అందులో మా సన్నికల్లు పొత్రం వేశాను. బరువు దిగేసరికి స్టాండు నిలబడిపోయింది.

"ఇన్నాళ్లకు ఆ పొత్రానికి ఒక ఉద్యోగం ఇచ్చినావు. మిక్సీ వచ్చినప్పటి నుంచి పాపం ఊరికే కూర్చోనుండె," అన్నారు మా ఆయన.

ఆ మాట అన్నది ఇంట్లోనే. అప్పటికి ఆయన కిందికి రావడం మానేసి చాలా రోజులైంది.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేశారు. ఈ ఊరొచ్చాక ఆయనకు దొరికిన సంతోషం క్యారమ్స్. రోజూ ఏడింటికి జలపాతం ఆపేశాక క్లబ్‌హౌస్‌లో నలుగురు కూర్చునేవాళ్లు. ఒకరు మా ఆయన. ఇంకొకరు కూకట్‌పల్లిలో ఇల్లు అమ్మి ఇక్కడికి మారిన గోదావరి జిల్లా ఆయన. మూడో ఆయన ఈ కొత్తగూడలోనే పుట్టిన పెద్దాయన. అపార్టుమెంట్లు లేచిన నేలలో కొంత వాళ్ల తాతది. నాలుగో మనిషి పంపు నడిపే అతను, ఏడింటికి పంపు కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేవాడు. పందెం ఏమీ లేదు. ఓడినవాళ్లు బల్ల తుడిచి పౌడరు డబ్బా సర్దాలి. అంతే.

మా ఆయనకు వణుకు కుడిచేతి బొటనవేలితో మొదలైంది. ఏదో పూసను వేళ్ల మధ్య తిప్పుతున్నట్టు కదిలేది. తరవాత చెయ్యంతా. పని చేస్తున్నప్పుడు తక్కువ, ఊరికే పెట్టుకున్నప్పుడు ఎక్కువ. డాక్టరు మందులు రాశారు. పూర్తిగా పోదనీ, నెమ్మదిగానే పెరుగుతుందనీ, భయపడవద్దనీ చెప్పారు. మేం భయపడలేదు. ఆయన సిగ్గుపడ్డారు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఆట మానేసిన రోజు సంగతి నాకొక్కదానికే చెప్పారు. తన వంతు కోసం ఎదురుచూస్తూ చెయ్యి బల్ల అంచున పెట్టుకున్నారట. గుంత అంచున ఆగి ఉన్న ఎర్రకాయ ఎవరూ కొట్టకుండానే మెల్లగా లోపల పడిపోయింది. కూకట్‌పల్లి ఆయన తల ఎత్తి, "ఎవరండీ బల్ల కదిపిందీ?" అన్నారు. అంతే అన్నారు. ఎవరినీ చూసి అనలేదు. మా ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు. ఆట అయ్యేదాకా కూర్చుని, బల్ల తుడిచి, ఇంటికి వచ్చారు. మర్నాటి నుంచి నడుము నొప్పి.

నడుము నొప్పి అబద్ధమని ఇంట్లో నాకు తెలుసు, అమ్మాయికి తెలుసు. బయట అదే నిజమైపోయింది. ఎదురింటివాళ్లు నూనె ఇచ్చారు. ఎవరో బెల్టు తెచ్చిచ్చారు. ఆయన దాన్ని తీసుకుని థాంక్స్ కూడా చెప్పారు. లోతు జేబులున్న లాల్చీలు కుట్టించుకున్నారు. అమ్మాయి పుట్టినరోజున అందరం ఫోటో దిగితే కుర్చీ వెనక నిలబడ్డారు. ఇంట్లో కూడా ఎవరైనా వస్తున్నారంటే చెయ్యి ముందు జేబులోకి పోయేది, తరవాత నవ్వు ముఖంలోకి వచ్చేది. నాకు ఆ వణుకు కంటే ఈ వరుస కష్టంగా ఉండేది. మనిషి తన చెయ్యి చాటునే బతుకుతున్నట్టుండేది.

అబద్ధం ఎందుకు, ఆయన్ని కిందికి దించాలనే ఉద్దేశం నాకు ఉంది. కానీ తోడు కావాలని అడిగింది మాత్రం నిజంగా అవసరమయ్యే. గాలి ఇటు తిరిగితే నీటి తుంపర కెమెరా మీద పడుతుంది. ఎవరైనా గొడుగు పట్టుకోవాలి.

"ఏడు లోపల వచ్చేద్దాం. వాళ్లు ఆటకు దిగేలోపల మనం పైన ఉంటాం," అన్నాను.

ఆలోచించుకుని సరేనన్నారు. కుడిచెయ్యి జేబులో, ఎడమచేతిలో నల్లగొడుగు, నెత్తిన ఎండ టోపీ. ఆ వేళకు ఎండేమీ ఉండదు. ఆ టోపీ వేసుకుంటే తనను ఎవరూ గుర్తుపట్టరని ఆయన నమ్మకం.

పంపు అతను మొదటిరోజే గుర్తుపట్టాడు.

"సారూ, నడుము మంచిగైందా? ఆటకు ఎప్పుడొస్తరు?"

"ఇంకా లేదప్పా."

"గొడుగు పట్టుకోని నిలబడనీకి నొస్తలేదా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను కెమెరా వైపు చూశాను. అతనే నవ్వి, "జర తొందరగ తీస్కో అమ్మా. ఏడు కొట్టంగనే బంద్ చేస్త. ఒక్క నిమిషం ఎక్కువ నడిపితే కమిటీవాళ్లు పరేషాన్ చేస్తరు," అని గదిలోకి పోయాడు.

మీట నొక్కేటప్పుడు వేలు తగిలి కెమెరా అదురుతుంది. అందుకని దాంట్లో ఒక ఏర్పాటు ఉంది. నొక్కి చెయ్యి తీసేయాలి. కెమెరా రెండు క్షణాలు ఆగుతుంది. ఆ అదురు పోయాక అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. గొడుగు పట్టి విసుగెత్తిన ఒకరోజు ఆయన దాని సంగతి అడిగారు. చెప్పాను.

"అంటే చెయ్యి వణుకు పోయేదాకా ఆగుతాదా ఇది?"

"ఆగుతుంది."

గొడుగు నా చేతికిచ్చి, అటూ ఇటూ చూసి, కుడిచెయ్యి జేబులోంచి తీశారు. వేలు మీట దగ్గరికి తీసుకుపోతే అది ఒకసారి పక్కకు పోయింది. రెండోసారి నొక్కారు. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు. కెమెరా ఆగింది. ఎర్రదీపం మినుకు మినుకుమంది. తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు వినపడ్డాయి. తెరమీద గోడా బండా గీత గీసినట్టున్నాయి. నీళ్లు తెల్లగా జారిపోతున్నాయి.

"మంచిదే ఈ కెమెరా. ఓపిక ఉంది దీనికి," అన్నారు.

ఆ రోజు నుంచి మీట నొక్కేది ఆయన, గొడుగు నాది. డైరీలో ఫోటో ఎవరు తీసిందీ రాసేందుకు ఇంకో గడి గీశాను.

ఫోటోలు బాగా వస్తున్న కొద్దీ నాకు ఒక లోటు కనిపించసాగింది. గోడ ఎత్తెంతో తెలియడం లేదు. అది రెండంతస్తులో, చేతి ఎత్తు బొమ్మో ఫోటో చూసినవాళ్లు చెప్పలేరు. పక్కన మనిషి ఉంటే తెలుస్తుంది. బాగా మబ్బు పట్టిన ఒకనాడు, "ఆ బండ మీద కూర్చుంటారా?" అని అడిగాను. ఆయన ఒప్పుకోరనుకున్నాను. ఏ కళనున్నారో, టోపీ సర్దుకుని వెళ్లి కూర్చున్నారు. చెయ్యి జేబులోనే ఉంది. నేను గొడుగు భుజానికీ మెడకూ మధ్య ఇరికించుకుని మీట నొక్కాను.

ఆ రెండు క్షణాల్లోనే గాలి తిరిగింది. తుంపర ఆయన కళ్లద్దాల మీద పడింది. ఆయన కుడిచెయ్యి తీసి అద్దాలు తుడుచుకుని, దాన్ని మోకాలి మీద పెట్టుకుని, పడే నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. జేబు సంగతి మరిచిపోయారు. తలుపు తెరుచుకుంది, చాలాసేపు ఉంది, మూసుకుంది.

తెరమీద చూశాను. బండ బండలాగే ఉంది. ఆయన ముఖం, టోపీ, ఎడమచెయ్యి అన్నీ నిలకడగా ఉన్నాయి. కుడిచెయ్యి మణికట్టు దాకా చెయ్యి. అక్కడి నుంచి తెల్లటి మంచు. వెనక జారే నీళ్లు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంది. జలపాతంలోంచి ఒక పాయ వచ్చి ఆయన మోకాలి మీద ఆగినట్టుంది. నేను తీసినవాటిలో అంత మంచి ఫోటో లేదు. అది ఆయనకు చూపించాలో వద్దో నాకు తోచలేదు.

తోచేలోపల మనుషులు వచ్చారు.

ముందు కొత్తగూడ పెద్దాయన, వెనక కూకట్‌పల్లి ఆయన, వాళ్ల వెనక పంపు అతను, ఇంకా మాకు పేరు తెలియని ఐదారుగురు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. కొత్తగూడ పెద్దాయన దూరం నుంచే మొదలుపెట్టారు.

"ఎవరు పంపిండ్రు మిమ్మల్ని? కాయితం చూపెట్టుండ్రి. గిది మా తాత భూమి. ఒకపారి రోడ్డుకు పోయింది, ఒకపారి బిల్డింగులకు పోయింది. ఇగ ఇప్పుడు దేనికి కొలుస్తున్నరు?"

నాకేమీ అర్థం కాలేదు. నా ముఖం మీది గొడుగు తీశాను. ఆయన నన్ను చూసి ఆగిపోయారు.

"అరే, మీరా అమ్మా?"

జరిగింది తరవాత తెలిసింది. వెనక రోడ్డు వెడల్పు చేస్తారని ఎవరో ఎక్కడో విన్న మాట ఆ వారమంతా మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. కూకట్‌పల్లి ఆయనది తొమ్మిదో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఆయనకు మేం కనపడలేదు. నల్లగొడుగు కనపడింది. దాని కింద పసుపు పట్టీల మూడు కాళ్ల స్టాండు, దానికి వేలాడే బరువు, పక్కన టోపీ మనిషి. మొన్న ఎప్పుడో టేపు సాగదీసి గోడ నుంచి కొలవడం కూడా చూశారట. కిందికొచ్చి చూస్తే నేల మీద మూడు ఎర్ర గుర్తులు. ఈ ఊళ్లో నేల మీద ఎర్ర గుర్తు పడిందంటే దాని మీదుగా ఏదో వస్తుంది. ఆయన గ్రూపులో, 'సర్వే మొదలైందండీ, జలపాతం వరకూ పోతుందండీ' అని పెట్టారు.

"ఆ ఎర్ర చుక్కలేంటండీ మరి?" అన్నారు ఆయన ఇంకా అనుమానంగా.

"గోళ్ల రంగు."

"సంచీలో?"

"పొత్రం."

పంపు అతను సంచీ తడిమి చూసి, "అవును సారూ, రోలుబండనే," అని చెప్పాక గానీ ఆయన శాంతించలేదు.

"ఫోటోలకు ఇంత సరంజామా ఎందుకండీ? ఏం తీస్తున్నారో చూపించండి ఒకసారి," అన్నారు.

అందరూ కెమెరా చుట్టూ మూగారు. తెరమీద ఉన్నది ఆ ఫోటో. నేను అరచెయ్యి అడ్డం పెట్టి పాతదానికి జరపాలని చూశాను. కంగారులో మీట దొరకలేదు. ఈలోపల మా ఆయన బండ మీది నుంచి లేచి వచ్చారు. చెయ్యి మళ్లీ జేబులో ఉంది. నా భుజం మీదుగా వంగి చూశారు. ఆయన ఊపిరి నా చెంపకు తగులుతోంది. అది ఆగింది. మళ్లీ మొదలైంది.

"వేరేది చూపిస్తానుండండి," అన్నాను అందరితో.

"ఎందుకుమే? అదే చూపీ," అన్నారు ఆయన.

చెయ్యి తీశాను.

తలలన్నీ తెరమీదికి వంగాయి. కూకట్‌పల్లి ఆయనే అడిగారు, నీళ్లెందుకు అట్లా ఉన్నాయని. మా ఆయన క్లాసులో చెప్పినట్టు చెప్పారు. తలుపు తెరిచి ఉన్నంతసేపు కదలనిది కదలనట్టు, కదిలేది పొగలాగా వస్తుందన్నారు. చెప్పాక జేబులోంచి కుడిచెయ్యి తీసి వాళ్ల ముందు పెట్టారు. అది వణుకుతోంది.

"నడుము కాదప్పా. ఇది. అందుకే ఆటకు రాలేదు. ఆ పొద్దు బల్ల కదిపింది నేనే."

కూకట్‌పల్లి ఆయన కెమెరా వదిలి మా ఆయన వైపు తిరిగారు.

"ఎర్రకాయ దానంతటదే పడ్డ రోజాండీ?"

"ఆ పొద్దే."

"అది పైనున్న జిమ్ము వల్లననుకున్నానండీ. బరువులు ధబీమని వేస్తారు కదా. నేను కమిటీకి కంప్లెయింటు కూడా పెట్టానండీ మాస్టారూ. రాతపూర్వకంగా."

"ఆ పిల్లలకు జిమ్ము పొద్దుగాల్లకు మార్చిండ్రు ఆ కాయితం పట్టుకొని," అన్నారు కొత్తగూడ పెద్దాయన. "లిఫ్టుల కనపడితే నేనే ఇచ్చిన్ననుకొని నన్ను గుర్రుగ చూస్తరు. ఇచ్చింది ఈయన, తిట్లు నాకు."

ముందు నవ్వింది పంపు అతను. తరవాత మా ఆయన. నవ్వుతుంటే ఆయన చెయ్యి ఇంకా ఊగింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఇన్ని నెలలుగా ఆ ఒక్క ప్రశ్నకు తలవంచుకుని ఇంట్లో కూర్చున్నారు. అడిగినాయనేమో పై అంతస్తును అనుమానిస్తూ ఉన్నారు.

"ఆటకు రాండ్రి," అన్నారు కొత్తగూడ పెద్దాయన.

"కాయ మీద గురి కుదురుతాది గానీ, నా వంతు వచ్చేదాకా ఈ చెయ్యి ఊరికే ఉండదు. బల్ల మీద పెడితే కాయలన్నీ కదులుతాయి."

"బల్ల మీద పెట్టకుండ్రి. నా భుజం మీద పెట్టుండ్రి. నాకు మాలీషయితది."

"డబ్బులడగండి మాస్టారూ, ఊరికే చేయకండి," అన్నారు కూకట్‌పల్లి ఆయన.

పంపు అతను వాచీ చూసుకుని గదిలోకి పరిగెత్తాడు. నీళ్ల చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. వచ్చినవాళ్లలో కొందరు ఫోన్లలో ఏదో రాసుకుంటూ వెళ్లిపోయారు. గ్రూపులో, 'సర్వే కాదండీ, మన మాస్టారుగారి శ్రీమతి' అని వచ్చిందని తరవాత అమ్మాయి చదివి వినిపించింది.

ఆయన వెంటనే ఆటకు వెళ్లలేదు. నాతో పాటు స్టాండు మడిచారు, పొత్రం తీసి సంచీలో పెట్టుకున్నారు, లిఫ్టు దాకా వచ్చారు. అక్కడ ఆగి, "నువ్వు పో. నేను చూసొస్తా," అన్నారు. పొత్రం సంచీతోనే వెనక్కి తిరిగారు. అది పుచ్చుకోవడానికి నేను పిలిచినా వినిపించుకోలేదు.

అమ్మాయి ఆ ఫోటోను తన ఫోన్‌లోకి ఎక్కించుకుని చూసింది. తరవాత, "చెయ్యి దగ్గర కొంచెం సరిచేయమంటావా నాన్నా? ఫోన్‌లో అవుతుంది," అంది ఆయనతో.

"ఎందుకు? ఉన్నది ఉన్నట్టు వచ్చింది కదా. నా ఫోన్‌లో డీపీగా పెట్టు."

పెట్టింది. చెయ్యి కూడా కనపడాలని ఆయన పట్టుబట్టడంతో ముఖం చిన్నదైపోయి, ఆ గుండ్రటి బొమ్మలో జలపాతం తప్ప పెద్దగా ఏమీ తెలియడం లేదు. ఆయనకు అది ఉందని తెలుసు. చాలు.

తరవాత కొద్ది రోజులకు వానలు తగ్గి, మబ్బులు పోయి, సాయంత్రాలు తెల్లగా ఉండటంతో నాకు జలపాతం దగ్గర పని లేకపోయింది. "ఆటను తియ్యిమే. అది కూడా కదిలేదే కదా," అన్నారు మా ఆయన. స్టాండు క్లబ్‌హౌస్‌లోకి తీసుకుపోయాను. గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లి ముందు నేల చూశాను. బల్ల అంచున కూడా పెట్టి చూశాను. నలుగురూ ఆడటం ఆపి, నన్నూ గ్లాసునూ చూస్తూ కూర్చున్నారు.

"ఇప్పుడు ఏం కొలుస్తున్నవమ్మా?" అన్నాడు పంపు అతను.

"ఏమీ లేదు. మీరు ఆడండి."

పొత్రం కట్టి, ట్యూబులైటు వెలుతురులో తలుపు ఒక్క క్షణానికి పైగా తెరిచి ఉంచేట్టు పెట్టాను. మీట నొక్కి చెయ్యి తీశాను. ఎవరిదో కాయ ఎవరిదో చేతి కిందుగా పోయింది. కొడుతూ ఒకరు, పౌడరు చల్లుతూ ఒకరు, కాయలు ఏరుతూ ఒకరు. మా ఆయన కుడిచెయ్యి కొత్తగూడ పెద్దాయన భుజం మీద ఉంది.

తీశాక నలుగురూ తెర చుట్టూ చేరారు. బల్ల, దాని మీది గీతలు, నాలుగు గుంతలు స్పష్టంగా ఉన్నాయి. కొట్టిన కాయ ఒక తెల్లటి దారం అయింది. చేతులు నాలుగూ పొగే.

"ఇందులో వణికే చెయ్యి ఏదండీ?" అన్నారు కూకట్‌పల్లి ఆయన, కళ్లజోడు పైకెత్తి దగ్గరగా చూస్తూ.

మా ఆయన కూడా వంగి చూశారు. భుజం మీద ఉన్నదాన్ని వేలితో చూపించబోయి, ఇంకోదాన్ని చూసి, ఆగారు.

"ఆటనైనా చూడండి, లేకుంటే ఫోటోనైనా చూడండి. ఎవరి వంతు?" అన్నారు.

భోజనాలయ్యాక డైరీలో ఆ ఫోటో వరుస రాశాను. మబ్బు గడిలో ట్యూబులైటు అని రాశాను. కదిలినవి: కాయ, నాలుగు చేతులు. కదలనిది: బల్ల.